ఏడో భాగం

మా పక్కింటి అత్త పోయిందని కబురు రావడం నాకు ఇది రెండోసారి.

మొదటిసారి వచ్చినప్పుడు నేను తాడిపత్రిలో ఒక పెండ్లివాళ్ల ఇంట్లో పరుపులు కుడుతున్నాను. వినగానే సూది దూదిలోనే వదిలేసి, దొరికిన ఆటో ఎక్కి, దోవ పొడుగునా కండ్లు తుడుచుకుంటా వచ్చినాను. వచ్చి చూస్తే ఆమె పొయ్యి ముందర కూచొని మిరపకాయ బజ్జీలు వేస్తాండాది. తల కూడా ఎత్తలేదు. ఎడమ చెయ్యి నా ముందరికి చాపి, "మూడో బాగం యాడప్పా?" అనింది. ఇద్దరం వంతులేసుకొని చదివే నవలలో ఆ భాగం సంచిలో పెట్టుకొని పోయి వారం దాటినా నేను ఊరికి రాలేదని, నన్ను రప్పించడానికి తన చావు కబురు తానే పంపించుకున్న మనిషి ఆమె.

అందుకని ఈసారి నేను కదలలేదు. పామిడిలో పరుపుల గుడ్డకు బేరం చేస్తాంటే ఆమె కొడుకు ఫోన్ చేసి, "అన్నా, అమ్మ పోయింది" అన్నాడు. నేను గుడ్డ కొలిపిస్తానే, "ఈతూరి ఏ బాగం కావాలంట మీ అమ్మకు?" అని అడిగినాను. అవతల వాడు ఏడ్చినాడు.

బస్సులో కూచున్నాక కూడా నాకు పూర్తిగా నమ్మకం రాలేదు. గుత్తి కొండ కనపడేదాకా ఆమెను ఏమని తిట్టాలో మాటలు ఏరుకుంటానే వచ్చినాను. ఇంటి ముందర చెప్పులు చూసినాను, నమ్మలేదు. ఆడోళ్ల ఏడుపు విన్నాను, అప్పుడూ నమ్మలేదు. ఆమె తలచుకుంటే వీధి వీధినంతా కూచోబెట్టి ఏడిపించగలదు. ఆఖరికి పొయ్యి చూసినాను. పొద్దున బొరుగుల ఉగ్గాని అమ్మే వేళ ఇంకా దాటలేదు, పొయ్యిలో బూడిద చల్లగా ఉండాది. అప్పుడు నమ్మినాను.

చావు కబురు వింటే మా సాయిబుల్లో అనుకునే మాట ఒకటి నోట్లోనే అనుకున్నాను, దేవుని కాడ నుంచి వచ్చినోళ్లం దేవుని కాడికే పోతామని. ఆమె వినింటే, "నడుమ గుత్తి బస్టాండులో దిగేది ల్యాదా అల్లుడా?" అని అడిగుండేది.

మా రెండిండ్లకు నడుమ ఒకటే గోడ. మొగం కడుక్కుందామని పెరట్లోకి పోతే, ఆ గోడ మీద, మా పక్కకు, ఆరో భాగం పెట్టి ఉండాది. లోపల ఆమె గుర్తుకు పెట్టుకునే కరివేపాకు పుల్ల. నా వంతు వచ్చినప్పుడు ఆమె పుస్తకం అట్లనే పెట్టేది. అయితే ఆమె మంచం దిగి శానా రోజులైంది. కోడలిని అడిగితే తాను పెట్టలేదనింది. కొడుకు ఆ పక్కకే రాలేదన్నాడు. ఎవురు పెట్టినారో ఈ పొద్దుకూ తెలీదు.

ఆమె గురించి రాస్తానంటే మా ఇంటామె నగింది. రెండు పేజీలు రాసేలోపల మూడు అబద్ధాలు రాస్తావు నువ్వు, అనింది. రాయను. దీంట్లో నేను చెప్పిన అబద్ధం ఒకటి ఉండాది, అది యాడుండాదో నేనే చూపిస్తాను.

ముందు పుస్తకం సంగతి చెప్పల్ల.

గుత్తిలో నవలలు అద్దెకిచ్చే అంగడి ఒకటి మూసేస్తా, మిగిలిన పుస్తకాలను తూకానికి అమ్మినారు. వాటిల్లో ఒకటే నవల, ఆరు భాగాలు, ఒక్కొక్కటి ఇటుక మాదిరి ఉంటే తెచ్చుకున్నాను. చదవడానికి కాదు. పరుపు కుట్టేటప్పుడు మూలలు పైకి లేస్తాయి, అణగాలంటే బరువు పెట్టల్ల. నాలుగు మూలలకు నాలుగు భాగాలు, మిగిలిన రెండు దిండ్లకు. పదో తరగతి కాడ బడి నన్ను వదిలేసిందో నేనే బడిని వదిలేసినానో గాని, అప్పటి నుంచి నాకు పుస్తకం అంటే బరువే.

ఒక పొద్దు అత్త తన దిండు కోసం వచ్చింది. కుట్టు అయ్యేదాకా ఊరికే కూచోలేక మూల మీదుండే పుస్తకం లాక్కునింది. మూల లేచింది. "అది ఆడ పెట్టత్తా" అన్నాను. ఆమెకు వినపడలేదు. దిండు అయిపోయింది. ఎండ దిగింది. అప్పుడు లేచి, దిండు మా ఇంట్లోనే మరిచిపోయి పుస్తకం తీసుకొని పోయింది. కొన్ని పొద్దులకు గోడ మీద గుండ్రాయితో దెబ్బ వినపడింది. "అల్లుడా, రెండో బాగం ఏ పరుపు మీదుండాది?"

ఆమె మాకు చుట్టం కాదు. వాళ్లు హిందువులు, మేము సాయిబులం. నేను అత్తా అన్నాను, ఆమె అల్లుడా అనింది, అంతే. ఆ వరస ఒకటి కలుపుకుంటే మా పక్క ఎంత మాటైనా అనుకోవచ్చు, ఎవురూ పంచాయితీకి పోరు. పొద్దున ఇంటి ముందర ఉగ్గాని, బజ్జి అమ్మేది. పదింటికల్లా బాణలి దించి, గిన్నెలు తోముకొని, ఇంటి కడప మీద కాలు చాపుకొని, రోటి మీద పుస్తకం ఆనించుకొని కూచునేది. మద్దేనం వీధిలో కుక్క కూడా తిరగని ఎండలో ఆమె పేజీ తిప్పే చప్పుడు ఒకటే వినపడేది మాకు. ఆ చప్పుడు వినీ వినీ నాకు దురద పట్టింది. అంతగా చదివేది ఏముండాదో చూస్తామని మొదటి భాగం తీసినాను. ఆ పూట కుట్టాల్సిన పరుపు మర్సటి వారానికి పోయింది.

కథ ఏందంటే, ఒక రాజ్యంలో వానకు తాళమేసి పెట్టుకుంటారు. కొండ మీద బురుజు, బురుజులో గదులు, గదుల్లో మేఘాలు. ఏ ఊరికి ఎంత వాన ఇయ్యాలనేది కొలువులో తీర్మానమైతాది. రాజముద్ర పడితేనే తలుపు తీస్తారు. ఆ ముద్ర కోసం లంచాలు, ఇసాలు, పెండ్లిండ్లు. ముసలి రాజు మంచం పట్టినాడు. వేరే దేశం నుంచి వచ్చిన చిన్నరాణి హిమవల్లి నడుముకు తాళంచెవి ఉంటాది. మంత్రి చండకేతుకు ఆ తాళంచెవి కావల్ల. మేఘాలకు కావలి కాసే సారంగుడు అనే పిల్లోనికి మాత్రం ఆ రాణి కావల్ల. వాడు ఆ గదుల్లోనే పుట్టి పెరిగినాడు, అందుకే వాని చెయ్యి ఎప్పుడూ తడిగా ఉంటాది. మొదటి భాగంలో మెట్ల మీద చీకట్లో రాణి కాలు జారితే ఎవురో పట్టుకుంటారు. మొగం కనపడదు. మణికట్టు మీద తడి మాత్రం మిగులుతాది. ఆ తడి ఎవురిదో కనుక్కోవడానికి ఆమె కొలువులో అందరికీ తన చేత్తో తాంబూలం ఇస్తాది, ఒక్కొక్కరి అరచెయ్యి తగిలేట్టు. ఆ పేజీల్లో నేను ఊపిరి పీల్చుకున్నానో లేదో నాకు గుర్తులేదు. వాన మొగం చూడని ఊరోళ్లం మేము, తడి అంటే మాకు అంత సులభంగా పోదు.

అత్తకు ఇది యాడో జరిగే కథ కాదు. బజ్జీలు తీసే జల్లిగంటెతో గుత్తి కొండను చూపించి, "ఆ బురుజు అదేనప్పా. మన వానకు తాళమేసిన నాకొడుకు ఆడనే ఉండాడు" అనేది. నేను సారంగుని పార్టీ. ఆమె మంత్రి పార్టీ. నాకు మండేది. రాజుకు పాలల్లో ఇసం పోసేటోన్ని ఎట్ల మెచ్చుకుంటావత్తా అంటే, రాజ్యం లెక్క చూసేది వాడొక్కడే కదప్పా, మీ పిల్లోడు మేఘాలకు పాటలు పాడతా కూచుంటే ఊర్లకు కూడు ఎవురు పెడతారు, అనేది. ఇంకోమాట కూడా అనేది, నాకు బాగా గుర్తు: "కొలువులో కత్తి పట్టుకున్నోన్ని చూసి భయపడతారు తిక్కోళ్లు. చూడాల్సింది గరిటె పట్టుకున్నోన్ని." ముప్పై ఏండ్లు గరిటె పట్టుకున్న మనిషి మాట అది. అత్తగారింట్లో ఆరుమంది తోటికోడండ్ల నడుమ నెగ్గుకొచ్చిన మనిషికి ఆ అంతఃపురం కొత్త కాదు. రాజమాత గుమ్మం కాడ నిలబడి దగ్గిందని రాసుంటే, "ఇదో, ఈ ముసలిది ఎవురికో సైగ చేసింది" అని ఆడనే చెప్పేసేది. వంద పేజీలు పోయినాక చూస్తే నిజమే అయ్యేది.

నాలుగో భాగంలో ఒక కొలువు ఉండాది. సారంగుడు రాణి మందిరం కాడ దొరికిపోతాడు. చట్టం ప్రకారం శిక్ష రాణి నోటితోనే చెప్పల్ల. మంత్రి నగుతా చూస్తాంటాడు. వదిలేస్తే గుట్టు బయటపడతాది, చంపమంటే వాడు పోతాడు. అప్పుడు రాణి అంటాది, వీడు ఏడాది పొడుగునా నా వెనక గొడుగు పట్టుకొని నడవల్ల అని. వానలేని రాజ్యంలో గొడుగు. కొలువంతా విరగబడి నగుతాది, ఇంత సిగ్గుమాలిన శిక్ష యాడా చూళ్లేదని. మంత్రి ఒక్కడే నగు ఆపేస్తాడు. అది అత్త చదివిన పొద్దు, నేను ఉగ్గాని కోసం పోయి నిలబడి ఉన్నాను. పొద్దున పూట పుస్తకం ముట్టదు ఆమె, ఆ పొద్దు మాత్రం ఆగలేక బాణలి పక్కనే తెరిచి పెట్టుకునింది. బజ్జీలు నల్లగా మాడిపోతాండాయి, ముందర నిలబడినోళ్లు అరుస్తాండారు. ఆమె జల్లిగంటె ఎత్తి పట్టుకొని, "గొడుగంటప్పా, గొడుగు" అంటాది, కండ్ల నుంచి నీళ్లు కారతాండాయి. పొగకో, నగుకో, దేనికో చెప్పలేను. మాడిన బజ్జీలు ఆ పొద్దు ఊరికే పంచింది. ఆ పేజీ మీద ఆమె బొటనవేలి నూనె మరక ఇప్పటికీ ఉండాది. వెలుగుకు పట్టి చూస్తే వెనక పేజీ అక్షరాలు కూడా కనపడతాయి.

పుస్తకం ఒకటే కాబట్టి ఎవురో ఒకరు ముందుండేవాళ్లం, ఇంకొకరు వెనక. అది మాకు ఆటైంది. గోడ మీద ఒక దెబ్బ కొడితే 'నా వంతు అయిపోయింది, పుస్తకం తీసుకో' అని. రెండు దెబ్బలు కొడితే 'ఏం జరిగిందో చెప్పు' అని. చెప్పల్ల, అయితే అబద్ధం చెప్పల్ల. మొగంలో రవ్వంత తేడా రాకూడదు. వినేటోడు దానికి మించిన అబద్ధం ఒకటి జవాబు చెప్పల్ల. నిజం చెప్పినోళ్లు ఓడిపోయినట్లు. ఈ ఆటలో ఆమె రాజును బతికించింది, నేను మంత్రిని సన్నాసుల్లో కలిపినాను. రాణికి కవలలు పుట్టినారని ఆమె చెప్తే, ఇద్దరూ మంత్రి పోలికే అని నేనన్నాను. మా ఇంటామె గోడ పక్కన బియ్యం ఏరుకుంటా ఇవన్నీ నిజమని నమ్మి, ఆ రాణి మంచిది కాదని వీధిలో చెప్పుకొచ్చింది.

ఇంత అబద్ధాలాడే మనిషి, ఒక్క చోట మాత్రం ఆడేది కాదు. కథలో ఎవురైనా చచ్చిపోతే ఆ పూటకు ఆట నిలిపేసేది. నేను గబగబా చదువుతానని ఆమెకు కోపం. "చచ్చిపోయినోళ్ల పేజీలు మెల్లగ తిప్పల్లప్పా. వాళ్లు ఇంగా దిగుతాంటారు" అనేది. ఏం దిగుతాంటారత్తా, బస్సా, అని నేను ఎగతాళి చేస్తే నగలేదు. ఆ మాట నాకు ఇప్పుడు మద్దేనం పూట గుర్తొస్తాది.

ఆరో భాగానికి వచ్చేసరికి ఆమె మంచాన పడింది. గుండె నీరసం అన్నారు. పొయ్యి కాడ కోడలు కూచునింది. అత్త మంచం గోడ వారకు వేయించుకునింది, చేతికందేట్టు గుండ్రాయి పెట్టుకునింది. నూనె మరకలు పోయి పుస్తకానికి తలనొప్పి మందు వాసన వచ్చింది. వేళ్లకు ఎప్పుడూ అదే రాసుకొని ఉండేది, తల నొచ్చినా కాళ్లు నొచ్చినా అదే మందు. ఆమె ముందు, నేను వెనక. చివరి అధ్యాయం కాడికి వచ్చినాక, నువ్వు పూర్తిగా చదివినాకే నాకియ్యత్తా, అన్నాను.

నేను పామిడికి పోయే ముందు పొద్దు సందకాడ, దీపాలు పెట్టే వేళ, రెండు దెబ్బలు కాదు, మూడో నాలుగో వినపడినాయి. అట్లా మాకు లెక్కే లేదు. పోయినాను. ఆమె మంచం మీద వెల్లకిల పండుకొని పైకప్పు బండలు చూస్తాండాది. నేను అడగలేదు, తానే చెప్పింది.

"తలుపు తీస్తాది. వానొస్తాది. పిల్లోడు రాడు."

రాణి బురుజు తాళం తీస్తుందంట. అయితే మేఘాలు బయటికి రావాలంటే లోపల నుంచి ఎవురో ఒకరు తోలుకొని రావల్లంట. సారంగుడు లోపలికి పోతాడంట. మేఘాలొస్తాయి, వాడు రాడు. అంతే కథ, అనింది. మొగంలో రవ్వంత తేడా లేదు. నేను సారంగుని పార్టీ అని తెలిసీ నన్ను ఏడిపించడానికి ఇంత మంచి అబద్ధం అల్లిందే అని మెచ్చుకున్నాను. జవాబు చెప్పల్ల. అంతలో కోడలు గంజి తెచ్చింది. "నా వంతు రేపుండాదిలే అత్తా, దీనికి మించింది తెస్తా" అని లేచినాను.

"సరే. నీ వంతు మర్చిపోవద్దప్పా" అనింది.

మర్సటి పొద్దు నేను పామిడిలో ఉన్నాను. మిగిలింది మీకు చెప్పినాను.

కర్మ చేసే పెద్దదినం నాడు ఊరి బయట వాళ్ల చేన్లో, సమాధి కాడ, ఇస్తరాకు పరిచి పిట్టకు పెట్టినారు. అన్నం, పప్పు, వడలు, బతికినన్నాళ్లూ ఆమె అందరికీ పెట్టిన ఉగ్గాని, మిరపకాయ బజ్జి. కాకి ముట్టిందాకా ఎవురూ అన్నం ముట్టకూడదు. అందరూ దూరంగా జరిగి తుమ్మచెట్టు చాలీచాలని నీడలో నిలబడినారు. కాకి వచ్చింది. వచ్చి కరెంటు తీగ మీద కూచునింది. కూచొని, ముక్కు ఇటు తుడిచి అటు తుడిచి, ఆకు పక్క చూసింది. దిగలేదు.

పోయినోళ్లకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. అదేందో కనుక్కొని, తీరుస్తామని మాటిస్తే పిట్ట దిగుతాది. కొడుకు దండం పెట్టి, ఉగ్గాని హోటలు మూయనమ్మా అన్నాడు. కాకి కదల్లేదు. కోడలు, పొయ్యి కాడ నేనే కూచుంటానత్తా అని ఏడ్చింది. కదల్లేదు. నల్లమాడ నుంచి వచ్చిన చెల్లెలు ముందరికొచ్చి, ఎర్ర కోక నేను అడగనులే అక్కా, నీ కోడలికే ఇయ్యనీ, అనింది. కాకి ఎగిరి రెండో తీగ మీద కూచునింది. ఎండ నెత్తికెక్కింది. పిల్లోళ్లు ఆకలికి ఏడుస్తాండారు. నేల మీద నుంచి సెగ లేస్తా సమాధి మట్టి నీళ్లలో ఉన్నట్లు కదులుతాండాది.

అప్పుడు ఆమె మరిది, ముసలాయన, నా పక్క తిరిగినాడు. "ఏమప్పా సాయిబూ, గోడ పక్కనుండి ఇద్దరూ అంత మాట్లాడుకుంటాంటిరి కదా. మా వదినకు ఏం కావల్లనో నీకు తెలీదా?"

నాకు తెలుసుననే అనుకున్నాను. ఆరో భాగం నా సంచిలో ఉండాది. కరివేపాకు పుల్ల చివరి అధ్యాయానికి ముందే ఉండాది. అంటే ఆమె చివరిది చదవలేదు. చదివినట్లు నాకు అల్లి చెప్పింది. రాజ్యం ఏమైందో తెలుసుకోకుండానే పోయింది. ఇంతకు మించిన కోరిక ఇంకేముంటాది? పుస్తకం తీసి, చెప్పులు విడిచి, సమాధికి కాస్త దూరంలో కూచున్నాను. "చదువుతాండా అత్తా, విను" అన్నాను.

చుట్టాలు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఒకరిద్దరు గొణిగినారు. నేను చదవడం మొదలుపెట్టినాను. కొలువులో అందరూ నిలబడి ఉండారు, మంత్రి చేతిలో రాజు ముద్ర ఉండాది, రాణి చేతిలో తాళంచెవి ఉండాది, బయట జనం ఖాళీ కడవలు పట్టుకొని కొండ ఎక్కుతాండారు. కొంచెంసేపటికి గొణుగుడు నిలిచిపోయింది. మరిది దగ్గరికి జరిగి కూచున్నాడు. "ఈ మంత్రి ఎవురప్పా? మంచోడా?" అన్నాడు. "మీ వదిన పార్టీ" అన్నాను. "అట్లైతే గట్టోడే" అన్నాడు. చెల్లెలు పిల్లోని నోట్లో బిస్కెట్టు పెట్టి, నన్ను కొంచెం గట్టిగా చదవమనింది.

రెండో పేజీ తిప్పినాను. తలనొప్పి మందు వాసన వచ్చింది.

మూడో పేజీ. అక్కడా వాసనే. నేను చదువుతానే ఉన్నాను, నా నోరు చదువుతాండాది, నా చెయ్యి పేజీ పేజీకి ఆ వాసన వెతుకుతాండాది. ప్రతి పేజీ కింద మూల కొంచెం మెత్తబడి ఉండాది, శానా సేపు పట్టుకొని మెల్లగ తిప్పినట్లు. రాణి తలుపు తీసింది. సారంగుడు గొడుగు ఆమె చేతికిచ్చి లోపలికి పోయినాడు. మేఘాలు ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చినాయి. వానొచ్చింది. జనం కడవలు కింద పెట్టి మొగాలు పైకెత్తినారు. రాణి గొడుగు తెరవకుండా వాకిలి కాడనే నిలబడింది.

పిల్లోడు రాలేదు.

ఆమె చదివింది. చివరి అక్షరం దాకా చదివి, నేను మొదలుపెట్టాల్సిన చోటికి పుల్ల మార్చి పెట్టింది. ఆమె నాకు చెప్పింది అబద్ధం కాదు. అన్నాళ్ల ఆటలో మొదటిసారి నిజం చెప్పింది. కావాలనే ఓడిపోయింది. ఎందుకని అడగడానికి ఇప్పుడు ఎవురుండారు?

తల ఎత్తినాను. కాకి తీగ మీదనే ఉండాది. చదివేది అయిపోయింది, ఇంక చదివేదానికి ఏమీ లేదు, అయినా అది దిగలేదు. నన్నే చూస్తాండాది. అప్పుడు తెలిసింది నాకు, ఆమెకు కథ బాకీ లేదు. వంతు నాది. ఆమె చెప్పింది, నేను జవాబు చెప్పలేదు.

లేచి నిలబడినాను. మొగంలో రవ్వంత తేడా రాకూడదు. ఇంతమందిలో, సమాధి ముందర, అది ఎంత కష్టమో మీకు చెప్పలేను.

"అత్తా, ఏడో బాగం ఉండాదంట. పిల్లోడు వస్తాడంట."

కాకి దిగింది. నడుచుకుంటా ఆకు కాడికి వచ్చింది. అన్నం ముట్టలేదు, వడ ముట్టలేదు. బజ్జి ఒకటి ముక్కున కరుచుకొని గుత్తి కొండ పక్కకు ఎగిరిపోయింది. ఆడోళ్లు ఒక్కసారిగా ఏడ్చినారు. పిల్లోళ్లు ఇస్తరాకుల కాడికి ఉరికినారు.

నేను చూపిస్తానన్న అబద్ధం అదే. ఆరో భాగం చివరి పేజీ మీద సమాప్తం అని అచ్చు వేసి ఉండాది. ఏడో భాగం యాడా లేదు.

ఆ పొద్దు భోజనాల కాడ మరిది నా పక్కనే కూచున్నాడు. పప్పు కలుపుకుంటా, "ఆ ఏడో బాగం వచ్చినంక నాకూ చెప్పప్పా. వాడు ఎట్ల వస్తాడో చూడల్ల" అన్నాడు. చెల్లెలు నల్లమాడ నుంచి రెండుసార్లు ఫోన్ చేయించింది, వచ్చిందా అని. వాళ్లకు చెప్పొచ్చు, అచ్చు కాలేదని, రాసినాయనకు బాగలేదని. వాళ్లతో నాకు ఇబ్బంది లేదు.

కొడుకు హోటలు పెద్దరోడ్డు మీదికి మార్చుకున్నాడు. మూయనని మాటిచ్చినాడు కాబట్టి మూయలేదు, ఉగ్గాని కూడా అదే రుచి. పక్కిల్లు మాత్రం పగలంతా తాళమేసి ఉంటాది. రోలు కడప కాడనే ఉండాది. గుండ్రాయి ఎవురూ తియ్యలేదు, మంచం తీసేసినా అది గోడ వారకు అట్లనే ఉండాదని కోడలు చెప్పింది.

మొదటిసారి నేను దిండుకు దూది నింపుతాంటే వినపడింది. మద్దేనం. వీధిలో అలికిడి లేదు. రెండు దెబ్బలు, గోడ మీద. మా ఇంటామెను చూసినాను. ఆమె నన్ను చూసింది. ఎండకు పైన బండలు కాగి చిటపటమంటాండాయిలే, అనింది. అనుండొచ్చు. ఈ ఎండకు బండలు చప్పుడు చేస్తాయి, నాకూ తెలుసు. అయితే బండలు రెండేసి దెబ్బలు కొట్టి, జవాబు కోసం ఆగవు.

ఇప్పుడు పరుపుల మూలలకు రాళ్లు పెడతాండాను. ఆరు భాగాలూ గోడ మీద ఒకదాని మీద ఒకటి పెట్టినాను, ఆమె పక్కకు. మద్దేనం గాలికి పైనుండే ఆరో భాగం తెరుచుకొని పేజీలు వాటంతట అవే తిరుగుతాయి. గబగబా తిరుగుతాయి. ఆఖరికి వచ్చేసరికి మెల్లగైతాయి. అక్కడ మందు వాసన గాలిలో కలిసి మా పెరట్లోకి వస్తాది, రోజురోజుకూ తగ్గుతా. ఆ వాసన పూర్తిగా పోయేలోపల సారంగున్ని ఆ బురుజులో నుంచి ఎట్ల బయటికి తేవాలో నాకు తోచడం లేదు. పదో తరగతి దాటనోడు మేఘాల్లో పోయిన మనిషిని ఎట్ల తెస్తాడు? కొండ మీద నుంచి రానా, బావిలో నుంచి రానా, ఎవురిదో తడి చెయ్యిగా మళ్లీ మెట్ల మీద దొరకనా?

ఈ పొద్దు కూడా వినపడింది. రెండు దెబ్బలు. గోడకు ఆ పక్క ఎవురో ఊపిరి బిగబట్టి కూచున్నట్లుండాది. మా ఇంటామె బియ్యం చాట పక్కన పెట్టింది. నేను సూది దూదిలోనే వదిలేసి, గోడకు దగ్గరగా జరిగి, మొగం సర్దుకుంటాండాను.